బాపు బూట్లు విప్పిన సముద్రం

శంషాబాద్‌లో మా బాపు కాలికి కట్టు కట్టిన డాక్టరు అడిగాడు. నర్సు అడిగింది. మమ్మల్ని ఇంటికి తెచ్చిన ఆటో అన్న అడిగాడు. సాతంరాయిలో మా వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అడిగారు. "అంత పెద్దమనిషి సముద్రంల బూట్లు ఎందుకు ఇప్పిండు?" అడిగిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. బూట్లు వేసుకుని ఆ సముద్రాన్ని తొక్కి వచ్చినవాళ్లం పదమూడు మందిమి ఉన్నాం. అందులో నేనూ ఉన్నాను. మీరెందుకు విప్పలేదని మమ్మల్ని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మా బాపు రైతు. డెబ్బై దాటాయి. ఊళ్లో భూములు విమానాశ్రయానికి కొన్ని, రింగురోడ్డుకు కొన్ని, ప్లాట్లకు కొన్ని పోగా, మాకు హైవేకు అవతల ఇరవై గుంటలు మిగిలాయి. అందులో పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేస్తాడు. నెత్తిమీద నుంచి విమానాలు దిగుతూనే ఉంటాయి, ఆయన కలుపు తీస్తూనే ఉంటాడు. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. మూడేళ్లుగా అరికాళ్లలో స్పర్శ సరిగా లేదు. "కాళ్ల కింద బొంత పరిచినట్టున్నది బిడ్డా" అంటాడు. ఉత్త కాళ్లతో నడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో చెప్పులు, రోడ్డు మీద బూట్లు, ఆ మాట బాగానే వింటాడు. పొలం ఒడ్డు, అదే మడి గట్టు, దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పులు విప్పి పక్కన పెడతాడు. మొలక ఉన్న మడిలోకి చెప్పులతో దిగరు. మా ఇంట్లో అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన సంగతి కాదు, అందరూ అట్లాగే చేస్తారు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు బడి బూట్లతో మెంతి మడిలోకి పరుగెత్తాను. బాపు కొట్టలేదు, తిట్టలేదు. బూట్లు విప్పించి, నేను తొక్కిన మొక్కలను ఒక్కొక్కటిగా నా చేతనే లేపి నిలబెట్టించాడు. నాలుగో వంతు కూడా నిలబడలేదు. ఆ రోజు బడికి పోలేదు నేను.

నేను కాటేదాన్‌లో బిస్కెట్ల ప్యాకింగ్ దగ్గర సూపర్‌వైజర్‌ని. మిషన్ల చప్పుడులో నలభై మంది మీద అరిచి అరిచి నా గొంతు ఇంట్లో కూడా తగ్గదు. నాకు నోరు ఎక్కువని మా ఆయన అంటాడు, అత్తగారు అంటారు, బస్సులో కండక్టర్లు కూడా అన్నారు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆ నోరు అవసరమైన మూడు రోజులూ అది పడిపోయింది. అది తర్వాత చెప్తాను.

తుక్కుగూడలో ఒకాయన ఉన్నాడు. ఏడాదికి రెండు మూడుసార్లు మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పోగుచేసి ద్వారక, సోమనాథ్ విమానంలో తీసుకుపోయి తీసుకొస్తాడు. నెత్తి మీద పగలూ రాత్రీ విమానాలు తిరిగే ఊళ్లలో ఒక్కసారైనా వాటిలో ఎక్కాలని అందరికీ ఉంటుంది, ఆయనకు మనుషులు దొరకడం కష్టం కాదు. దారిలో సముద్రపు జాతీయ పార్కు కూడా చూపిస్తానన్నాడు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు సముద్రం అడుగున నడవొచ్చని, చేపలు, ఆక్టోపస్‌లు, నక్షత్ర చేపలు కాళ్ల దగ్గరే ఉంటాయని చెప్పాడు. బాపు ఎప్పుడూ సముద్రం చూడలేదు. ద్వారక అంటే ఊగిసలాడిన మనిషి పార్కు అనగానే ఒప్పుకున్నాడు. "దేవుడు ఈడ గూడ ఉన్నడు. సముద్రం ఈడ లేదు గదా" అన్నాడు. నేను ఆయనకు శంషాబాద్‌లో గుడ్డ బూట్లు కొన్నాను. నేను కూడా సెలవు పెట్టి వెంట పోయాను.

పార్కుకు వెళ్లిన రోజు పొద్దున్నే బస్సులో కూర్చున్నాం. విమానం దిగి మేము బస చేసిన ఊరు దాటాక కనుచూపు మేరా ఉప్పు మళ్లు. బాపు కిటికీకి అతుక్కుపోయాడు. "ఒడ్లు మంచిగ పెట్టిండ్రు" అన్నాడు, సాటి రైతు పని చూసి మెచ్చుకున్నట్టు. ఆ తర్వాత బురద, బురదలో మోకాళ్లెత్తు మడ చెట్లు. వాటి వేళ్లు మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. దూరంగా నీటి అంచున గులాబీ రంగు కొంగలు వంద దాకా, అన్నీ తలలు కిందికి పెట్టి తింటున్నాయి. బాపు వాటిని చాలాసేపు చూశాడు. మా కుంటకు కొంగలు రావడం మానేసి ఎన్నేళ్లయిందో నాతో లెక్క పెట్టించాలని చూశాడు. నాకు గుర్తు రాలేదు.

గేటు దగ్గర దిగితే సముద్రం లేదు. తడి నేల, గుంటల్లో నీళ్లు, నాచు పట్టిన రాళ్లు, అంతే. "ఇదేంది, సముద్రం ఎటు వోయింది?" అన్నాడు బాపు. అక్కడి గార్డు మా బాపు కన్నా పదేళ్లు చిన్నవాడై ఉంటాడు, ఎండకు నల్లబడ్డ మనిషి. నవ్వి హిందీలో చెప్పాడు, సముద్రం బయటికి పోయింది, మధ్యాహ్నానికి ఇంటికి వస్తుంది, అది వచ్చేలోపు మనం దాని ఇంట్లోంచి బయటపడాలి అని. బాపుకు హిందీ బాగా అర్థమవుతుంది, కూరగాయల మార్కెట్లో యాభై ఏళ్లు మాట్లాడిన భాష. ఆ మాట ఆయనకు నచ్చింది.

లోపలికి దిగే ముందు గార్డు అందరినీ నిలబెట్టి చెప్పాడు. బూట్లు విప్పొద్దు. ఇసుక ఉన్నచోటే అడుగు పెట్టండి. ఏదీ ముట్టుకోవద్దు, ఏదీ నీళ్లలోంచి తీయొద్దు. ఆ తర్వాత ఒక రాయి దగ్గర వంగి, మీరు రాయి అనుకుంటున్నది రాయి కాదు, పగడపు దిబ్బ, దానికి ప్రాణముంది, అన్నాడు. పగడాలంటే మాకు ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పూసలే తెలుసు. ఇది గోధుమ రంగులో, తేనెపట్టులా చిన్న చిన్న గదులతో ఉంది. ఒక్కో గదిలో ఒక్కో జీవి ఉంటుందట. ఏడాదికి గోరంత పెరుగుతుందట, బూటు మడమ కింద నలిగిందంటే మళ్లీ అంత కావడానికి ఒక మనిషి వయసు పడుతుందట. మావాళ్లలో సగం మంది అప్పటికే ఫోన్లు తీసి ముందుకు పోయారు. బాపు ఒక్కడే పూర్తిగా విన్నాడు. "మరి ఒడ్డు ఏది సాబ్, నడిచేతందుకు?" అని హిందీలోనే అడిగాడు. గార్డుకు అర్థం కాలేదు. ఒడ్డు లేదు, చూసుకుంటూ నడవాలి అన్నాడు.

మా వెనకే ఇంకో బస్సు వచ్చింది, నలభై మంది. గార్డు ఒక్కడు. ఆయన వాళ్లకు చెప్పడానికి వెనక్కి పోగానే మా తుక్కుగూడ టూరాయన గైడు అయిపోయాడు. మూడుసార్లు వచ్చిన అనుభవం కదా. ఒక గుంటలోంచి గుప్పెడంత చేపను పట్టుకున్నాడు. దాని పొట్ట మీద వేలితో గీకాడు. అది భయపడి గాలి మింగి బంతిలా ఉబ్బింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉబ్బిన చేపను చేతులు మార్చారు. ఒకాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు, లోపల ఏమైనా చప్పుడవుతుందేమోనని. ఇంకో గుంటలో ఆక్టోపస్ రాయి సందులో దూరి కూర్చుంటే సెల్ఫీ కర్రతో కుళ్లబొడిచి బయటికి తీశారు. అది నల్లటి సిరా వదిలి, రంగు మార్చుకుని, తాను రాయినేనని మమ్మల్ని నమ్మించాలని చూసింది. మా వెంట వచ్చిన ఒక అక్క నక్షత్ర చేపను అరచేతిలో పెట్టుకుని ముప్పై ఫోటోలు దిగింది, ఆ తర్వాత దాన్ని ఎండలో రాయి మీద పెట్టి మరిచిపోయింది. ఇవన్నీ ద్వారకకు పోతున్న భక్తులు చేసిన పనులు. ఉల్లిపాయ కూడా మానేసి వచ్చారు వాళ్లు.

నేనేం చేశాను? వీడియో తీశాను. చేప ఉబ్బడం నాకు వింతగా ఉండింది. అది చిన్న నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే ఇంకా దగ్గరికి పోయి తీశాను. నా బూటు కింద కరకరమని రెండుసార్లు విరిగిన చప్పుడు వినపడింది. కింద చూడలేదు.

వెనక్కి తిరిగితే బాపు ఒక ఇసుక మెట్ట మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు.

"బాపూ, ఇప్పకు. ఆయన చెప్పలే?"

"పానం ఉన్నదంట గదా బిడ్డా. పానం మీదికెళ్లి బూట్లేసుకొని నడుస్తమా?"

"నీకు షుగరున్నది బాపూ."

"నేను ఇసుకల్నే నడుస్త. చూసుకుంట నడుస్త. మడిల నడిచినోన్ని గానా?"

అప్పుడే అటువైపు మళ్లీ అరుపులు వినపడ్డాయి, ఇంకో పెద్ద చేప దొరికింది. "సరే, ఆడనే కూసో, కదలకు" అని చెప్పి నేను అటు పోయాను. ఈ ముక్క నేను డాక్టరుకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. అందరూ నేను చూడలేదనే అనుకుంటున్నారు. నేను చూశాను. చూసి ఫోను పట్టుకుని పోయాను.

బాపు బూట్లు రెండూ కలిపి ముడివేసి మెడలో వేసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఇసుక వెతుక్కుంటూ మెల్లగా వచ్చాడు. ఇసుక లేనిచోట ఆగి, పక్కకు తిరిగి, చుట్టూ తిరిగి వచ్చాడు. మేము పది నిమిషాల్లో దాటిన చోటును ఆయన ముప్పావు గంటలో దాటాడు. దారిలో ఆ అక్క రాయి మీద మరిచిపోయిన నక్షత్ర చేపను తీసి నీళ్లలో పెట్టాడు. కాళ్లు ఇంకా పూర్తిగా రాని ఒక ఎండ్రకాయ పిల్లను చూసి నవ్వుకున్నాడు. ఒక గుంటలో పువ్వులాంటి జీవి రేకులు ఊపుతుంటే దాని దగ్గర ఒంగి, ముట్టుకోకుండా, అటూ ఇటూ తిరిగి చూశాడు. నాకు తెలిసి ఆ రోజు ఆ పార్కును చూసినవాడు ఆయన ఒక్కడే. మిగతావాళ్లం ఫోన్లో చూశాం. నీళ్లు వచ్చేస్తున్నాయని గార్డు ఈలలు వేసి తరిమేదాకా ఆయనకు బయటికి రావాలనిపించలేదు.

సాయంత్రం హోటల్లో బాపు కాళ్లు కడుక్కుని మంచం మీద చాపాడు. కుడికాలి చిటికెనవేలు కింద, పక్కన, ఏడెనిమిది నల్లటి చుక్కలు. చుట్టూ ఊదారంగు. వేలితో నొక్కాను. ఆయనకు తెలియలేదు.

"ఒక్కకాడ మెత్తగ ఒత్తినట్టయింది" అన్నాడు. "ఒంగి చూస్తే నల్లగ ముండ్ల బంతి. ఆముదం కాయ లెక్కనే ఉండె. నీళ్లల్ల కలిసిపోయి కనవడలే. అది పక్కకు జరిగింది పాపం, సగం ముండ్లు ఇరిగినయి దానియి."

ఆయన పాపం అన్నది ఆ ముళ్ల జీవిని. తన కాలిని కాదు.

నేను టూరాయన గది తలుపు కొట్టాను. షుగరు మనిషి, కాలికి ముళ్లు దిగాయి, దవాఖానకు పోవాలి అన్నాను. ఆయన పళ్లు తోముకుంటూ విన్నాడు. "అక్కా, తెల్లారి నాలుగున్నరకు బస్సు. ద్వారకల దర్శనం లైను మూడు గంటలుంటది. ముల్లే గదా, జర నిమ్మకాయ రుద్దు. అందుకే బూట్లు ఇప్పొద్దన్నరు మరి" అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు నవ్వాడు కూడా.

నాకు నోరు ఎక్కువ అన్నాను కదా. అప్పుడు లేవాల్సింది ఆ నోరు. బస్సు కదలకుండా దాని ముందు నిలబడాల్సింది. నాకు ఆ ఊరు తెలియదు, అక్కడి లిపి చదవడం రాదు, ఒక్కదాన్నే ముసలాయనతో మిగిలిపోతే విమానం ఎట్లా, టికెట్లు టూరాయన దగ్గరున్నాయి, ఇట్లాంటివి ఒకదాని మీద ఒకటి లెక్కేసుకుంటూ వెనక్కి తిరిగాను. నిమ్మకాయ తెచ్చి రుద్దాను. కాటేదాన్‌లో ఒక అమ్మాయి వేలికి బ్లేడు గీరుకుంటే మిషన్ ఆపించి, మేనేజరు మీద అరిచి, బండెక్కించి దవాఖానకు పంపిన దాన్ని నేను. మా బాపు కాలికి నిమ్మకాయ రుద్దాను.

ద్వారకలో మూడు గంటలు కాదు, నాలుగున్నర గంటలు లైను. బాపు గుడి లోపలికి సాక్సులతో నడిచాడు. సోమనాథ్ నాటికి వేలు ఉబ్బి పక్కవేలితో కలిసిపోయింది. అప్పటికీ ఆయనకు నొప్పి లేదు, అదే భయం. నొప్పి ఉంటే అరిచేవాడు, అరిస్తే ఎవరైనా ఆగేవాళ్లు. నొప్పి లేని మనిషిని ఎవరూ పట్టించుకోరు. బస్సులో అంత్యాక్షరి ఆడుకున్నారు. ఒకామె కాలు వాసన వస్తోందని సీటు మార్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం విమానం దిగాం. చక్రాల కుర్చీ అడిగితే బాపు సిగ్గుపడి తువ్వాల కాలి మీద కప్పుకున్నాడు. అటునుంచి అటే ఆటోలో శంషాబాద్‌లో దవాఖానకు. టూరాయన సామాన్ల దగ్గర అందరితో సెల్ఫీ దిగుతుంటే మేము పక్కనుంచి పోయాం.

డాక్టరు సాక్సు విప్పించి, వేళ్ల మధ్య నొక్కి చూశాడు. ఆ తర్వాత నన్ను బయటికి పిలిచాడు. చిటికెనవేలు నల్లబడింది, అది పోయినట్టే అనుకోండి, విషం పైకి ఎక్కిందంటే మడమ దాకా తీయాలి, వారం రోజులు చూద్దాం అన్నాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి, "ఎందుకు ఇప్పనిచ్చారమ్మా?" అన్నాడు.

ఆ వారం బాపు అడిగింది ఒకటే. "పాదం ఉంటదా?" మనిషి బతుకు గురించి కాదు, వేలు గురించి కాదు. "వేలు దియ్యనీ. పాదం ఉంటే మడిల నిలవడొచ్చు. కర్ర కాలుతోని మడిల దిగితే గుంతలు పడ్తయి, మొలక చస్తది" అన్నాడు. నేను పొద్దున డ్యూటీకి పోయేముందు, సాయంత్రం వచ్చాక ఆ పాదాన్నే చూసేదాన్ని. ఎరుపు ఎక్కడిదాకా పాకిందో డాక్టరు పెన్నుతో గీత గీసేవాడు. తెల్లారి ఎరుపు ఆ గీత దాటిందా లేదా అని మా కళ్లన్నీ అక్కడే. రెండు రోజులు ఎరుపు గీత దాటింది. మూడో రోజు చిటికెనవేలు తీసేశారు. నాలుగో రోజు ఎరుపు గీత దగ్గర ఆగింది. ఐదో రోజు కూడా అక్కడే ఉంది. నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని బోరున ఏడ్చాను.

అదే రోజు, పాత యాత్రలవాళ్లు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో టూరాయన వీడియో పెట్టాడు. ఉబ్బిన చేప, నవ్వులు, చప్పట్లు. కింద రాసిన మాటలు: మా యాత్రికుల మధుర క్షణాలు, వచ్చే నెల బుకింగులు మొదలు, సూచనలు పాటించని ఒక్కరికి తప్ప అందరికీ క్షేమంగా దర్శనం. ఇరవై ఏడు మంది దండాలు పెట్టారు. ఆ అక్క పువ్వు పెట్టింది. ఆ వీడియో నేను తీసిందే, ఆ రోజు బస్సులో నేనే ఆయనకు పంపాను. చేప నోరు తెరుస్తూ మూస్తూ అంత దగ్గరగా కనపడుతుంటే చూడలేక వీడియో ఆపేశాను. సూచనలు పాటించని ఒక్కరు. ఏదీ ముట్టుకోవద్దన్నది సూచన కాదా? నీళ్లలోంచి తీయొద్దన్నది? ఇసుక మీదే నడవమన్నది? చెప్పిన వాటిలో ఒక్కటి తప్ప అన్నీ పాటించిన మనిషి దవాఖానలో ఉన్నాడు. ఒక్కటి తప్ప ఏదీ పాటించనివాళ్లు క్షేమంగా దర్శనం చేసుకున్నారు. నేను గ్రూపులో పెద్ద మెసేజి రాశాను. ఐదు నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు.

బాపు ఇంటికి వచ్చి నెల దాటాక డాక్టరు ప్రత్యేకంగా చేయించిన బూట్లు ఇచ్చాడు. పుండు మానింది, పాదం నిలబడింది. అయితే మట్టిలో ఉత్త కాలు ఇక ఎప్పుడూ పెట్టొద్దన్నాడు. బాపు ఆ బూట్లు వేసుకుని పొలం దాకా వస్తాడు. ఒడ్డు మీద ఆగిపోతాడు. లోపలికి రమ్మంటే రాడు. పొరుగు రైతు చేత మెంతి విత్తనం చల్లించి, ఒడ్డు మీద కూర్చుని ఎటు పలచగా పడిందో చెప్తాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. "పాదం మిగిలింది గదా బిడ్డా, చాలు" అంటాడు. మిగిలిన పాదాన్ని పెట్టడానికి చోటు లేదు మరి.

ఒక ఆదివారం ఒడ్డు మీద కూర్చున్నప్పుడే ఆ పార్కు ఆఫీసుకు కాగితం రాయాలన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. టూరాయన మీద, చేపను ఆడించినవాళ్ల మీద ఫిర్యాదు రాద్దాం, ఇకమీద అతన్ని గేటు దాటనివ్వొద్దని రాద్దాం అన్నాను.

"గట్ల గాదు. నేను చెప్పింది రాయి."

హిందీలో రాయడం నాకు బడిలో వచ్చింది. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆయన చెప్తుంటే రాశాను. మొదట, నడవడానికి ఒడ్లు పెట్టండి అని రాయించాడు. మడికి ఒడ్డు ఉన్నట్టు, చెక్కలతోనో ఇసుక మూటలతోనో ఒక మనిషి పట్టేంత దారి ఉంటే జనం దాని మీదే నడుస్తారు, ఒడ్డు లేకుండా మనుషులను దింపితే ఎవరైనా మొలక తొక్కుతారు అన్నాడు. రెండోది, ఒక్క గార్డు సాబ్ వల్ల కాదు, ఇంకో ఇద్దరిని పెట్టండి, ఆయన మంచి మనిషి అని. ఇవి రాయడానికి నాకేం బాధ లేదు. ఆ తర్వాత ఇంకా ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇంగొకటి రాయి. మీ ముండ్ల జీవి ఒకటి నా కాలు కింద పడ్డది. అది దాని ఇంట్ల అది ఉన్నది, నేనే పోయి తొక్కిన. సగం ముండ్లు ఇరిగినయి. అది బతికిందో సచ్చిందో నాకు తెల్వదు. తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి అని రాయి."

నేను పెన్ను కింద పెట్టాను. "నువ్వు మాఫీ అడుగుడేంది బాపూ? వేలు పోయింది నీది. అందరు తొక్కిండ్రు, అందరు ఇరగ్గొట్టిండ్రు. ఒక్కరన్న అడిగిండ్రా?"

"వాళ్ల ముచ్చట వాళ్లది. నేను తొక్కింది నేను చెప్పాలె గదా."

"నేను రాయ."

"రాయి బిడ్డా. నాకు నిద్ర పడ్తలేదు."

తల వంచుకుని రాశాను. కోపంతో రాశాను. ఆయన చెప్పిన మాట రాయలేదు. ఆ చోట టూరాయన గురించి నాలుగు లైన్లు రాశాను, చేప గురించి, ఆక్టోపస్ గురించి, ఇట్లాంటివాళ్లను రానివ్వడం మీకు సిగ్గుచేటని కూడా రాశాను. మాఫీ అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. మా బాపు పేరు కింద ఆ మాట ఉండటం నేను ఓర్చుకోలేను అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఒక్కదానికి అడిగితే నేను ఎన్నింటికి అడగాలో నాకు తెలుసు, ఓర్చుకోలేనిది అది.

"సదువు" అన్నాడు.

చదివాను. ఒడ్ల గురించి చదివాను, గార్డు గురించి చదివాను. మూడోది వచ్చేసరికి, కాగితం మీద ఉన్నదాన్ని చూస్తూ, లేనిదాన్ని చదివాను. మీ ముళ్ల జీవి ఒకటి నా కాలి కింద పడింది, అది దాని ఇంట్లో ఉంది, తప్పయింది, మాఫ్ చేయండి. ఆయన చెప్పిన మాటలు ఒక్కటి కూడా పోకుండా హిందీలో చదివాను. బాపు కళ్లు మూసుకుని విన్నాడు.

మా బాపు చదువుకోలేదు. ఊళ్లో ఎవరు ఏ కాగితం తెచ్చినా, బిడ్డ వచ్చి చదివి చెప్పేదాకా సంతకం పెట్టనంటాడు. ఎంత పెద్దవాళ్లు వచ్చినా గుమ్మంలో కూర్చోబెట్టి, నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆపిన రోజులున్నాయి.

"మాఫ్ చెయ్యుండ్రన్న మాట ఏడున్నది? చూపెట్టు."

నేను వేలు పెట్టి చూపించాను. నా వేలి కింద ఉన్నది సిగ్గుచేటు అన్న మాట. ఆయన ముందుకు వంగి తన వేలు కూడా దాని పక్కన ఆనించి, కాసేపు అట్లాగే చూశాడు. ఆ తర్వాత పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం ఆగుతూ కింద సంతకం పెట్టాడు.

"ఇగ పానం తేలికయింది బిడ్డా" అన్నాడు.

నేను కవరు అంటించాను.